డేటా2, టెంప్, కొత్త_ఫైనల్: వేరియబుల్ పేర్ల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద తీసుకున్నాం. వేరియబుల్ (కోడ్ లో ఒక విలువని దాచుకునే చోటు) కి పేరు ఎలా పెట్టాలి, దానికి మళ్ళీ ఈ రూల్స్ గోలేంటి, వాటివల్ల నిజంగా ఏమన్నా ఒరిగేది ఉందా అని. వచ్చిన మెయిల్స్ చాలావరకు దీని చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. ముందే ఒక మాట, కోడ్ లోని పేర్లు కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, ఎడిటర్ లో ఎలా కనబడతాయో మీరే ఊహించుకుని చదువుకోండి.

ప్రశ్న: కాలేజీలో సీ, పైథాన్ నేర్చుకుంటున్నా అండీ. ల్యాబ్ లో ఏ, బి, డి అని పేర్లు పెడితే మార్కులు కోసేస్తున్నారు. ప్రోగ్రామ్ కరెక్ట్ గానే రన్ అవుతోంది, కంప్యూటర్ కి ఏ పేరైనా ఒకటే కదా, మరి ఎందుకు?

జవాబు: కంప్యూటర్ కి ఒకటే, ఆ మాట నిజమే తమ్ముడూ. సీ లో అయితే కంపైల్ అయ్యాక లోకల్ వేరియబుల్ పేరు అసలు మిగలనే మిగలదు, డీబగ్ సమాచారం ఉంచమని మనం అడిగితే తప్ప. మెషీన్ కోడ్ లో ఉండేది ఏదో ఒక రిజిస్టరో, స్టాక్ లో కాస్త చోటో, అంతే. అంటే పేరు అన్నది మొత్తం చదివే మనిషి కోసమే, ఆ మనిషి మీ లెక్చరర్ కావచ్చు, కొన్నాళ్ళు పోయాక అదే ఫైల్ తెరిచి తల పట్టుకునే మీరే కావచ్చు.

ఒక లైను చూడండి: ఇఫ్ డి > 30. ఇది కరెక్టా కాదా? చెప్పలేం. డి అంటే రోజులా, దూరమా, డిస్కౌంటా? ఇప్పుడు అదే లైన్ ఇఫ్ డేస్_సిన్స్_లాగిన్ > 30 అని ఉందనుకోండి, చదవగానే ఒక డౌట్ వస్తుంది, "30 రోజులు నిండగానే అకౌంట్ లాక్ చెయ్యమన్నారు కదా, మరి ఇక్కడ ఈక్వల్ టు లేదేంటి" అని. తప్పు రెండు చోట్లా అదే తప్పు. మొదటి దాంట్లో అది ఎవరి కంటా పడే దారే లేదు, ప్రోగ్రామ్ రన్ అయినట్టే ఉంటుంది, మీరన్నట్టే. పేర్ల మీద పట్టుబట్టేది ఇందుకే గానీ చూడ్డానికి బావుంటుందని కాదు.

దీన్ని కొలిచిన వాళ్ళు కూడా ఉన్నారు. 2017లో వచ్చిన ఒక పరిశోధనలో ఉద్యోగం చేస్తున్న 72 మంది సీ షార్ప్ డెవలపర్లకి కోడ్ ఇచ్చి అందులో తప్పులు వెతకమన్నారు, పేర్లు మాత్రం కొన్నిట్లో ఒంటి అక్షరాలు, కొన్నిట్లో కుదించినవి, కొన్నిట్లో పూర్తి పదాలు. పూర్తి పదాలు ఉన్నప్పుడు సగటున 19 శాతం వేగంగా తప్పు పట్టారు. ఇందులో నాకు నచ్చిందేంటంటే కుదించిన పేర్లు కూడా ఒంటి అక్షరాల సరసనే చేరడం, సీయూఎస్‌టీ_ఏడీడీఆర్ అని రాసి "అర్థమవుతుందిలే" అనుకుంటాం చూడండి, అదన్నమాట.

ఐతే ఇది చదివి ప్రతిదానికీ బారెడు పేరు పెట్టకండి. మూడు లైన్ల లూప్ లో ఐ అని ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు, దానికి లూప్_కౌంటర్_ఇండెక్స్ అని పెడితేనే విసుగ్గా ఉంటుంది. పేరు ఎంత దూరం నుంచి కనబడుతుందో అంత వివరంగా ఉండాలి, రెండు లైన్లలో పుట్టి చచ్చేదానికి ఒక అక్షరం చాలు, పది ఫైల్స్ లో వాడే గ్లోబల్ కి మాత్రం పూర్తి పేరు ఉండాల్సిందే. ఇంకోటి, లూప్ లోపల లూప్ వచ్చి ఐ, జె రెండూ చేరాయా, ఆ క్షణం నుంచి రో, కాల్ అని మార్చేయండి. గ్రిడ్[జె][ఐ] అని తారుమారైతే కంటికి ఆనదు, గ్రిడ్[కాల్][రో] అని పడితే మాత్రం వెంటనే కనబడుతుంది. ఇక చిన్న ఎల్, పెద్ద ఓ, పెద్ద ఐ ఈ మూడూ ఒంటిగా వాడొద్దని పైథాన్ వాళ్ళ స్టైల్ గైడ్ పెప్ 8 లోనే రాసి ఉంది, కొన్ని ఫాంట్లలో అవి 1 లాగా 0 లాగా కనబడతాయి కాబట్టి.

ప్రశ్న: మా టీమ్ లో క్యామెల్ కేస్ (పదాలు కలిపేసి, రెండో పదం నుంచి మొదటి అక్షరం పెద్దది) పెట్టాలా స్నేక్ కేస్ (అన్నీ చిన్నక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్) పెట్టాలా అని రెండు వర్గాలైపోయాం. మేడం, మీరు ఎటువైపు?

జవాబు: ఏ వైపూ కాదండీ, మీరు రాస్తున్న భాష వైపు. పైథాన్ లో వేరియబుల్స్ కి ఫంక్షన్స్ కి అన్నీ చిన్నక్షరాలు మధ్యలో అండర్‌స్కోర్, క్లాస్ పేర్లకి ప్రతి పదం పెద్దక్షరంతో మొదలు, ఇది పెప్ 8 లోనే ఉంది. జావా లో, జావాస్క్రిప్ట్ లో వేరియబుల్ అంటే క్యామెల్. లైబ్రరీలన్నీ అలా రాసి ఉన్నాయి, మీరొక్కరు వేరేలా రాస్తే ఒకే లైన్ లో రెండు రకాలు కలిసి గందరగోళం.

ఏది చదవడానికి తేలిక అన్నదాని మీద కూడా పరిశోధనలు ఉన్నాయి, కానీ అవి ఒకదానితో ఒకటి కుదరవు. 2009లో ఒకటి క్యామెల్ లో తప్పులు తక్కువ అంది. 2010లో కళ్ళ కదలికల్ని గమనిస్తూ అదే ప్రయోగాన్ని ఇంకోసారి చేసిన వాళ్ళు తప్పుల్లో తేడా ఏమీ లేదు, పైగా అండర్‌స్కోర్ ఉన్నవాటినే త్వరగా గుర్తుపట్టారు అన్నారు. సో మీ రెండు వర్గాలకీ చెరొక ఆధారం దొరికింది, కొట్టుకోండి!

నిజంగా తేడా వచ్చే చోటు ఒకటుంది, డేటాబేస్. పోస్ట్‌గ్రెస్ లో కోట్స్ పెట్టకుండా కాలమ్ పేరు క్యామెల్ లో రాస్తే అది మొత్తాన్ని చిన్నక్షరాలు చేసేసుకుంటుంది, ఒరాకిల్ అయితే అన్నీ పెద్దవి చేస్తుంది, మీ పదాల మధ్య గీత కాస్తా పోయింది. పోనీ కోట్స్ పెట్టి సృష్టించారనుకోండి, ఇక ప్రతి క్వెరీలో ఆ కోట్స్ మోస్తూనే ఉండాలి. అందుకే టేబుల్స్ కి స్నేక్ అన్నది ఇష్టాయిష్టాల సంగతి కాదు. ఫైల్ పేర్లు కూడా అంతే, విండోస్, మ్యాక్ మామూలు సెట్టింగ్ లో పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూడవు, లినక్స్ చూస్తుంది, కాబట్టి ఇంపోర్ట్ లో ఒక్క అక్షరం తేడాగా రాసినా మీ ల్యాప్‌టాప్ లో పరిగెత్తి సర్వర్ మీద "ఫైల్ దొరకలేదు" అంటుంది.

ఇంకా పొట్టి పేర్లు, అంటే హెచ్‌టీటీపీ లాంటివి మొత్తం పెద్దక్షరాలా, మొదటిదొకటేనా అని కూడా ముందే తేల్చుకోండి. బ్రౌజర్ లో ఎక్స్ఎంఎల్-హెచ్‌టీటీపీ-రిక్వెస్ట్ అని ఒక ఆబ్జెక్ట్ ఉంది కదా, దాని పేరులో ఎక్స్ఎంఎల్ కి మూడూ పెద్దక్షరాలు, హెచ్‌టీటీపీ కి మాత్రం మొదటిదొకటే పెద్దది, ఒకే పేరులో రెండు పద్ధతులు, ఇన్నేళ్ళుగా జనం అలాగే బట్టీ పట్టి టైప్ చేస్తున్నారు. ఏదో ఒకటి అనుకుని లింటర్ (కోడ్ లో ఇలాంటి రూల్స్ తప్పితే పట్టి చెప్పే టూల్) లో పెట్టేయండి, తర్వాత దాంతో గొడవ పడాల్సింది మెషీనే, మీరు కాదు.

ప్రశ్న: కొత్తగా ఒక పాత సీ++ ప్రాజెక్ట్ లో పడ్డానండీ. ప్రతి వేరియబుల్ ముందు డీడబ్ల్యూ, ఎల్‌పీఎస్‌జెడ్ అని తోకలు. సీనియర్స్ ఏమో ఇది హంగేరియన్ నొటేషన్, పాటించాల్సిందే అంటున్నారు, ఇంటర్నెట్ లో ఏమో అందరూ తిడుతున్నారు. ఎవర్ని నమ్మాలి?

జవాబు: ఇద్దర్నీ సగం సగం నమ్మండి. దీన్ని మొదలుపెట్టింది చార్ల్స్ సిమోని, హంగేరీలో పుట్టినవాడు, జెరాక్స్ పార్క్ అనే పరిశోధన కేంద్రంలో పనిచేసి 1981లో మైక్రోసాఫ్ట్ కి వచ్చాడు. ఆయన ఉద్దేశంలో పేరు ముందు పెట్టేది ఆ వేరియబుల్ ఎలాంటి సరుకో చెప్పే గుర్తు. ఉదాహరణకి స్ప్రెడ్‌షీట్ కోడ్ లో ఆర్‌డబ్ల్యూ అంటే రో నంబర్, సీఓఎల్ అంటే కాలమ్ నంబర్. రెండూ ఇంటిజర్లే, కంపైలర్ దృష్టిలో రెండింటికీ తేడా లేదు, కలిపేసినా కిక్కురుమనదు, కానీ ఒక రో ని ఒక కాలమ్ లోకి అసైన్ చేస్తుంటే చదివేవాడికి అక్కడే ఆగాలనిపిస్తుంది. చాలా తెలివైన ఆలోచన అది, కంపైలర్ కి తెలియనిదాన్ని పేరులో పెట్టడం.

ఆ తర్వాత విండోస్ వైపు వచ్చేసరికి ఇది "టైప్ ఏంటో ముందు రాయండి" అన్నట్టు తయారైంది. డీడబ్ల్యూ అంటే డబుల్ వర్డ్, ఎల్‌పీఎస్‌జెడ్ అంటే సున్నాతో ముగిసే స్ట్రింగ్ కి లాంగ్ పాయింటర్. ఇది కంపైలర్ కి ముందే తెలుసు, ఎడిటర్ లో మౌస్ పెడితే మీకూ తెలుస్తుంది. పైగా టైప్ మారితే పేరు అబద్ధమైపోతుంది. దీనికి చక్కటి ఉదాహరణ విండోస్ లోనే ఉంది, విండో మెసేజ్ తో పాటు వచ్చే డబ్ల్యూ-పారామ్. 16 బిట్ రోజుల్లో అది నిజంగా వర్డ్, అంటే 16 బిట్లు, అందుకే ముందు డబ్ల్యూ. 32 బిట్ విండోస్ లో అది 32 అయింది, 64 లో 64 అయింది, పేరు మాత్రం అదే డబ్ల్యూ, ఎందుకంటే అప్పటికే ప్రపంచంలోని విండోస్ ప్రోగ్రాములన్నీ ఆ పేరు వాడేస్తున్నాయి. చివరికి డాట్ నెట్ గైడ్‌లైన్స్ లో మైక్రోసాఫ్టే హంగేరియన్ వాడొద్దు అని రాసుకుంది.

మీ ప్రాజెక్ట్ సంగతికొస్తే, పాత ఫైల్స్ లో ఉన్న పద్ధతి కదిలించకండి, ఒక ఫైల్ లో సగం తోకలతో సగం తోకల్లేకుండా ఉంటే ఉన్నదానికంటే దరిద్రం. కొత్త మాడ్యూల్స్ కి మాత్రం టైప్ తోకలు వద్దని గట్టిగా అడగండి, సిమోని అసలు ఆలోచన మాత్రం వదలకండి. యూజర్ టైప్ చేసిన టెక్స్ట్ శుభ్రం చెయ్యకముందు రా_కామెంట్, చేశాక సేఫ్_కామెంట్ అని పెట్టారనుకోండి, రా_ తో మొదలయ్యేది నేరుగా పేజీలోకి వెళ్తుంటే రివ్యూలో ఎవరైనా పట్టేస్తారు.

ప్రశ్న: మా కాన్ఫిగ్ ఫైల్ లో టైమౌట్ = 30 అని ఉంది. సెకన్లా మిల్లీసెకన్లా అని అడిగితే ఎవరూ చెప్పట్లేదు. ఇలాంటివాటికి ఏం చెయ్యాలి?

జవాబు: పేరు చివర యూనిట్ పెట్టండి, టైమౌట్_ఎంఎస్ అనో టైమౌట్_సెకండ్స్ అనో. ఈ మొత్తం పేజీలో ఒక్కటే పాటిస్తా అంటే ఇది పాటించండి చాలు.

ఎందుకంటే భాషలే ఒక మాట మీద లేవు. పైథాన్ లో స్లీప్ కి సెకన్లు ఇవ్వాలి, జావా థ్రెడ్ స్లీప్ కి మిల్లీసెకన్లు, జావాస్క్రిప్ట్ సెట్-టైమౌట్ కీ మిల్లీసెకన్లే. సర్వర్ నుంచి యునిక్స్ టైమ్ (1970 జనవరి 1 నుంచి గడిచిన కాలం) సెకన్లలో వచ్చి, దాన్ని జావాస్క్రిప్ట్ డేట్ లో అలాగే పడేస్తే స్క్రీన్ మీద 1970 జనవరి తేదీ కనబడుతుంది, ఎందుకంటే అది మిల్లీసెకన్లు అనుకుని లెక్కేస్తుంది, వెయ్యి రెట్లు తక్కువ. ఎప్పుడన్నా యాప్ లో 1970 జనవరి చూశారంటే మొదట అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. క్రియేటెడ్_ఎట్ బదులు క్రియేటెడ్_ఎట్_సెకండ్స్ అని వచ్చి ఉంటే వెయ్యితో గుణించకుండా డేట్ కి ఇచ్చే మనిషి ఉండేవాడు కాదు.

పెద్ద స్థాయిలో ఇదే గొడవ 1999 సెప్టెంబర్ లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కి జరిగింది. భూమి మీది సాఫ్ట్‌వేర్ ఒకటి థ్రస్టర్ల లెక్కని పౌండ్-ఫోర్స్ సెకన్లలో ఇచ్చింది, తీసుకునే సాఫ్ట్‌వేర్ న్యూటన్ సెకన్లు అనుకుంది, తేడా సుమారు 4.45 రెట్లు, ఆ నౌక అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్ళి దక్కకుండా పోయింది. పేరు సరిగ్గా పెట్టి ఉంటే బతికేది అని నేననను, అక్కడ టెస్టింగ్ లో, మాట్లాడుకోవడంలో చాలా లోపాలు బయటపడ్డాయి. కానీ ఫైల్ లో నంబర్ ఒక్కటే వెళ్తూ దాని యూనిట్ ఎవరి బుర్రలోనో ఉండిపోతే జరిగేది ఇదే.

మీ భాషలో డ్యురేషన్ లాంటి టైప్ ఉంటే (జావా లో ఉంది, గో లో ఉంది) అది వాడితే ఇంకా మేలు, అప్పుడు పేరుకి ఈ బరువు అక్కర్లేదు. కాన్ఫిగ్ ఫైల్స్ కి, జేసన్ (ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ పద్ధతి) కి ఆ భాగ్యం లేదు కాబట్టి అక్కడ మాత్రం యూనిట్ పేరులోనే.

ప్రశ్న: జావా లో ఈజ్-యాక్టివ్ అని బూలియన్ (అవును, కాదు అనే రెండు విలువలే ఉండేది) పెట్టాను, జేసన్ లో చూస్తే యాక్టివ్ అని వస్తోంది, ఈజ్ మాయం! ఫ్రంటెండ్ వాళ్ళు నన్ను తిడుతున్నారు.

జవాబు: మీ తప్పేం లేదు, పాత జావా బీన్స్ పద్ధతి అది. బూలియన్ కి గెట్టర్ (ఫీల్డ్ విలువని బయటికిచ్చే ఫంక్షన్) పేరు మామూలుగా ఈజ్ తో మొదలవుతుంది, ఆ ఈజ్ తీసేస్తే మిగిలేది ప్రాపర్టీ పేరు. మీరు ఫీల్డ్ కే ఈజ్ పెట్టేసరికి గెట్టర్ కూడా ఈజ్-యాక్టివ్ అయింది, జాక్సన్ లాంటి లైబ్రరీ గెట్టర్ ని చూసి ఈజ్ ని కత్తిరించేసింది. ఫీల్డ్ కి ఉత్త యాక్టివ్ అని పెట్టండి, లేదా జేసన్ లో ఏ పేరు రావాలో యానొటేషన్ తో రాసేయండి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. పైటెస్ట్ (పైథాన్ లో టెస్టులు నడిపే టూల్) మామూలుగా టెస్ట్ అన్న మాటతో మొదలయ్యే ఫంక్షన్లనే టెస్టులుగా ఏరుకుంటుంది, పేరు తప్పితే మీ టెస్ట్ అసలు రన్ కాదు, అన్నీ పాస్ అయినట్టే ఉంటుంది (భయంకరం). రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) లో కాంపొనెంట్ పేరు చిన్నక్షరంతో మొదలైతే దాన్ని హెచ్‌టీఎమ్ఎల్ ట్యాగ్ అనుకుంటుంది. కన్వెన్షన్ అంటే మర్యాద కోసం పాటించేదే అనుకుంటాం గానీ కొన్నిచోట్ల అది గ్రామర్ తో సమానం.

ప్రశ్న: ఈజ్_నాట్_డిసేబుల్డ్ లాంటి పేర్లు పెట్టొచ్చా?

జవాబు: వద్దు. దాని ముందు ఇంకో నాట్ పెట్టి ఇఫ్ రాయాల్సిన రోజు వస్తుంది, ఆ రోజు మీకే అర్థం కాదు. ఎనేబుల్డ్ అనండి.

ప్రశ్న: వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టొచ్చా అండీ? ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాసి పెడితే మా లీడ్ ఒప్పుకోవట్లేదు.

జవాబు: తెలుగు లిపిలోనే పెట్టొచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది, జావా, జావాస్క్రిప్ట్ కూడా. మొత్తం = ధర * సంఖ్య అని రాసి రన్ చేసి చూడండి, పనిచేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకి అలా చూపిస్తే కోడ్ లో భాషవి ఏవి, మనం పెట్టినవి ఏవి అన్నది టక్కున తెలుస్తుంది, ఎందుకంటే ఇఫ్, ఫర్ లాంటివి ఇంగ్లీష్ లోనే ఉండిపోతాయి, మనవి తెలుగులో.

చిక్కులు మాత్రం ఉన్నాయి. ఒత్తు పడకుండా పొల్లు విడిగా కనబడాలని మన కీబోర్డులు మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, దూరుస్తాయి చూశారూ, సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ఉన్నట్టు. పైథాన్ దాన్ని పేరులో ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది, అది నయం. జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది, అది ప్రమాదం, ఎందుకంటే కోడ్ అన్న పేరు చివర ఆ అక్షరం ఉన్నదీ లేనిదీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ రెండు వేరే వేరియబుల్స్. గో లో ఇంకో తమాషా, గుణింతాలు, ఒత్తులు, సున్నలు ఉన్న పేర్లని అది ఒప్పుకోనే ఒప్పుకోదు, ధర లాంటి ఉత్త అక్షరాల పేర్లే కుదురుతాయి. పైగా అక్కడ పేరు పెద్దక్షరంతో మొదలైతేనే ప్యాకేజీ బయటికి కనబడుతుంది, మనకి పెద్దక్షరాలే లేవు కదా, కాబట్టి తెలుగు అక్షరంతో మొదలైన పేరు ఎప్పటికీ గడప దాటదు.

ఇక ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు విషయంలో నేను మీ లీడ్ పక్షమే. ఒకరు సంఖ్య ని కె-హెచ్ తో రాస్తారు, ఇంకొకరు హెచ్ లేకుండా రాస్తారు, విలువ కి ఒకరు వి వాడతారు ఒకరు డబ్ల్యూ వాడతారు, సెర్చ్ చేస్తే సగం దొరకవు. ఒకే ఒక్క మినహాయింపు, మీరు చేసే పనిలో ఇంగ్లీష్ లో సరైన సమానం లేని మాట ఉంటే, ఉదాహరణకి తిథి, దాన్ని బలవంతంగా లూనార్_డే చెయ్యకండి, ఒక స్పెల్లింగ్ ఖాయం చేసి అదే వాడండి.

ప్రశ్న: పాత కోడ్ లో పేర్లన్నీ చెత్తగా ఉన్నాయి. అన్నీ మార్చేయనా? అసలు ఆ కాలం వాళ్ళు ఎందుకలా రాశారు?

జవాబు: రెండో దానికి ముందు చెప్తా, పాపం వాళ్ళకి చోటు లేదు. 1957 నాటి ఫోర్ట్రాన్ లో పేరుకి 6 అక్షరాలే. ఐ నుంచి ఎన్ లోపు అక్షరంతో మొదలైతే ఇంటిజర్, మిగతావి రియల్, డిక్లేర్ చెయ్యకపోయినా అంతే (గాడ్ అని పేరు పెడితే రియల్, ఇంటిజర్ అని డిక్లేర్ చేస్తే తప్ప, అని ఒక పాత జోక్ కూడా ఉంది). మనం ఇప్పటికీ లూప్ లో ఐ, జె అంటున్నామంటే గణితం నుంచి, ఆ ఫోర్ట్రాన్ నుంచి వచ్చిన అలవాటే. కోబాల్ లో 30 అక్షరాల దాకా వీలుండేది. సీ విషయానికొస్తే 1989 స్టాండర్డ్ కూడా ఫైల్ బయటికి కనబడే పేర్లలో మొదటి 6 అక్షరాలకే గ్యారంటీ ఇచ్చింది, స్ట్రింగ్ ఫంక్షన్ల పేర్లు అలా నలిగిపోయి ఉండడానికి ఇలాంటి హద్దులే కారణం.

మార్చడం సంగతి, ఫంక్షన్ లోపలి పేర్లు ధైర్యంగా మార్చండి. చేత్తో ఫైండ్ అండ్ రీప్లేస్ చెయ్యకండి, వీఎస్ కోడ్ లో ఎఫ్2, ఇంటెలిజే లో షిఫ్ట్ ఎఫ్6, అవి పేరుని వాడిన చోట్లన్నీ అర్థం చేసుకుని మారుస్తాయి. పేర్ల మార్పు ఒక కమిట్ (ఒకేసారి భద్రం చేసే మార్పుల కట్ట), లాజిక్ మార్పు ఇంకో కమిట్, రెండూ కలిపితే రివ్యూ చేసేవాడు మిమ్మల్ని శపిస్తాడు. స్ట్రింగ్స్ లోపల దాక్కున్న పేర్లని మాత్రం ఏ టూల్ నమ్మకంగా పట్టుకోలేదు, అవి విడిగా వెతకండి.

బయటివాళ్ళు వాడుతున్న పేర్లు, అంటే ఏపీఐ లో ఫీల్డ్స్, డేటాబేస్ కాలమ్స్, వీటి జోలికి మాత్రం ఊరికే వెళ్ళకండి. ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే హెచ్‌టీటీపీ హెడర్ రెఫరర్ స్పెల్లింగ్ లో ఒక ఆర్ తక్కువైంది, 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 డాక్యుమెంట్ లో అలాగే అచ్చయింది, ఇప్పటికీ ప్రతి బ్రౌజర్ ఆ తప్పు స్పెల్లింగే పంపుతోంది. చాలా ఏళ్ళకి దాన్ని అదుపు చెయ్యడానికి రెఫరర్ పాలసీ అని ఇంకో హెడర్ వస్తే దానికి మాత్రం స్పెల్లింగ్ కరెక్ట్ గా పెట్టారు, అంటే ఒకటి తప్పుగా ఒకటి ఒప్పుగా రెండూ గుర్తుపెట్టుకోవాలి. మీరు మార్చి తీరాలంటే కొత్త పేరు పక్కన చేర్చండి, కొన్నాళ్ళు రెండూ పంపండి, పాతది ఎవరు వాడుతున్నారో లాగ్ లో చూసుకుని అందరూ వదిలేశాకే తీసేయండి.